ట్రంకు లైన్లో అడిగిన పిల్లికూనల సంగతి

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పిల్లిని పెంచుకోవచ్చని డిపార్టుమెంటు రూళ్లలో ఎక్కడా లేదు. పెంచుకోకూడదని కూడా లేదు. ఇచ్చోడలో మా ఎక్స్ఛేంజీకి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఒకాయన, బ్యాటరీ గదిలో బల్ల కింద పడుకున్న పిల్లిని చూసి ఇదెవరిదని అడిగాడు. మా లైన్‌మన్ ఏమాత్రం తడుముకోకుండా "డిపార్టుమెంటుదే సార్" అన్నాడు. ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడు.

అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ఆ పిల్లి రాకముందు ఎలుకలు మమ్మల్ని ఏడిపించేవి. వైర్ల మీది తొడుగు కొరికేసి పోయేవి. పొద్దున్నే రైసుమిల్లు ఫోను పలికేది కాదు, పోలీసు స్టేషన్‌కు చేస్తే ఆస్పత్రిలో మోగేది. లైన్‌మన్ టార్చిలైటు పట్టుకుని బల్లల కింద దూరి, ఎక్కడ తెగిందో వెతకలేక విసుక్కునేవాడు. బూడిదరంగు ఆడపిల్లి ఒకటి ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది, ఆ బాధ తీరింది. దానికి జీతం లేదు, సెలవులూ లేవు.

ఇదంతా డెబ్బైల చివర్లో మాట. నాది హుస్నాబాద్ పక్కన ఒక పల్లె. వ్యవసాయం ఉన్న ఇల్లు. ఆపరేటరు ఉద్యోగం వచ్చి ఇచ్చోడలో పడ్డాను. కాల్సు కలిపే ఆ బోర్డును మీలో చాలామంది చూసి ఉండరు. ఊళ్లో ఎవరైనా ఫోనెత్తి పిడి తిప్పితే, బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు టక్కున పడేది. మేం ప్లగ్గు గుచ్చి, ఎవరు కావాలో అడిగి కలిపేవాళ్లం. బయటి ఊళ్లకైతే ట్రంకు లైను. ఒకవైపు ఆదిలాబాద్, ఇంకోవైపు నిర్మల్, నిర్మల్ మీదుగా కరీంనగర్. కాల్సు లేని వేళల్లో మేం ఆపరేటర్లం ఆ లైన్ల మీద మాట్లాడుకునేవాళ్లం. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. కానీ ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి జలుబు తగ్గలేదో అందరికీ తెలుసు.

నా సీనియరు ఒక ఆడమనిషి. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. నేను అక్కా అనేవాణ్ని, ఆమె నన్ను తమ్మీ అనేది. వాళ్లది మెథడిస్టు సంఘంలోని కుటుంబం. నాన్న కూలి చేసుకుంటూనే మిషన్ హాస్టల్లో పెట్టి చదివించాడట. ఆమె గొంతు జిల్లా అంతా ప్రసిద్ధి. లైను ఎంత గరగరలాడినా ఆమె మాట అవతలికి స్పష్టంగా వినపడేది.

ఎక్స్ఛేంజీ వెనక రెండు గదుల క్వార్టరులో అక్క, వాళ్ల అవ్వ, అంటే అమ్మ, ఉండేవాళ్లు. అవ్వ పక్షవాతంతో చాలాకాలం మంచంలోనే ఉంది. అక్క డ్యూటీ మధ్యలో నన్ను బోర్డు చూడమని చెప్పి, వెళ్లి అవ్వను లేపి, కడిగి, బట్ట మార్చి, గంజి పట్టి వచ్చేది. ఆ పని చేసి వచ్చిన చేతులతోనే ప్లగ్గు అందుకునేది. ఒక్కనాడూ విసుక్కోవడం చూడలేదు. ఒక ఎండాకాలంలో అవ్వ పోయింది.

తర్వాత అక్క మాట తగ్గించేసింది. నంబరు అడగడం, లైను ఖాళీ లేదనడం, అంతే. కరీంనగర్ ఆపరేటరు, లావుపాటి గొంతు మనిషి, నన్ను పట్టుకుని అక్కకేమైందని అడిగేవాడు. వాళ్ల అవ్వ పోయిందని చెప్తే, తెలుసు గానీ మాట్లాడించమని బతిమాలేవాడు. ఎట్లా మాట్లాడించాలో నాకు తెలిసేది కాదు.

మాట్లాడించింది పిల్లే. అది మెల్లగా క్వార్టరుకు పోవడం మొదలుపెట్టింది. అవ్వ ఖాళీ మంచం మీద పడుకునేది. అక్క దాన్ని తోలలేదు. ఒకరోజు బ్యాటరీ గది గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది.

"తమ్మీ, గిది ఒట్టి మనిషి గాదు."

అది మనిషే కాదు కదక్కా అన్నాను. అక్క ఒక్క క్షణం నన్ను చూసి నవ్వేసింది. అవ్వ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఇక ఆ రోజునుంచి లైన్ల మీద మళ్లీ అక్క గొంతు. కడుపుతో ఉన్న పిల్లికి ఏం పెట్టాలని నిర్మల్‌లోని ఆపరేటరమ్మను అడిగింది. ఆమె చేపతలలు పెట్టమంది. ఆదిలాబాద్ ఆపరేటరు చీకటిగా ఉన్న మూల చూపించమన్నాడు. మగపిల్లి కంట పడితే కూనల్ని చంపేస్తుందని, తలుపు వేసి ఉంచమని కరీంనగర్ ఆయన చెప్పాడు. ఆయన ఇంట్లో ఎప్పుడూ పిల్లులు ఉండేవట. వారం తిరిగేసరికి జిల్లాలో ఎక్స్ఛేంజీలన్నిటికీ మా పిల్లి సంగతి తెలిసిపోయింది. ఎవరు లైన్లోకి వచ్చినా ముందు దాని క్షేమం అడిగి, తర్వాత కాల్ అడిగేవాళ్లు. మీరిప్పుడు చేతిలోని ఫోనులో ఏదడిగినా పదిమంది చెప్తారు కదా, మాకూ ఆ పదిమంది ఉన్నారు. కాకపోతే మావాళ్లందరి గొంతులూ మాకు తెలుసు.

మా లైన్‌మన్‌ది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. పిల్లిని వాళ్ల వైపు మాటతో మాంజర అనేవాడు. మాంజరకు కాన్పు ఎట్లా చేసుకోవాలో ఎవరు నేర్పాలి, ఇంతమందిని అడిగి పరేషాన్ కావడం దేనికని గొణిగేవాడు. గొణుగుతూనే అట్టపెట్టె తెచ్చి, పక్కన చెక్కముక్కలు కొట్టి గట్టిగా చేశాడు. అక్క అందులో అవ్వ పాతచీర మడిచి పరిచింది.

చలికాలంలో ఒక పొద్దున పిల్లి ఆ పెట్టెలోకి వెళ్లి పడుకుంది. ఎండ ముదిరేలోపల మూడు కూనలు పుట్టాయి. ఒకటి తల్లిలాగే బూడిదరంగు, రెండు నలుపు. నేను లైన్లోకి వెళ్లి చెప్పగానే అటు నిర్మల్‌లోనూ, ఇటు ఆదిలాబాద్‌లోనూ సంబరం. కానీ పిల్లి లేవలేదు. మళ్లీ నొప్పులు పడుతోంది. పడుతోంది, ఏమీ రావడం లేదు. కూనల్ని నాకడం మానేసి పెట్టె అంచుకు తల ఆనించింది. దాని అరుపు మారింది.

ఊళ్లో పశువుల డాక్టరు లేడు. టీకాలు వేయడానికి గూడేలకు క్యాంపు వెళ్లాడు. అక్క బోర్డు దగ్గర కూర్చుని కరీంనగర్‌ను పిలిచింది. అక్కడి ఆపరేటరు తనకు తెలిసిన పశువుల డాక్టరును వెతికి లైన్లోకి తెచ్చాడు. లైను బాగాలేదు. డాక్టరు చెప్పే ప్రతి మాటనూ మధ్యలో నిర్మల్ ఆమె విని మాకు తిరిగి చెప్పింది. మా సంగతి అటు చెప్పింది. చివరికి డాక్టరు చెప్పిందేమిటంటే, ఇంకో కూన అడ్డం తిరిగి ఉంటుంది, చేతితో ఏమీ చేయవద్దు, కోసి తీయడమే, ఆదిలాబాద్ పశువుల పెద్దాస్పత్రికి వెంటనే తీసుకుపోండి అని.

మంచి సలహాయే. అంతకంటే మంచిది ఎవరూ చెప్పలేరు. లైన్‌మన్ పిల్లిని గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి, రోడ్డు మీదికి పరుగెత్తి ఆదిలాబాద్ బస్సు ఎక్కాడు. అక్క ఆదిలాబాద్ ఎక్స్ఛేంజీకి చెప్పి, ఆస్పత్రిలో డాక్టరు ఉండేటట్టు చూసింది. అందరూ సిద్ధంగా ఉన్నారు. పిల్లే మిగల్లేదు. బస్సు గుడిహత్నూర్ దాటకముందే గంపలో అరుపు ఆగిపోయిందట. లైన్‌మన్ అక్కడే దిగి, ఎదురు బస్సులో తిరిగి వచ్చాడు. గంప గుమ్మంలో పెట్టి, గుడ్డ తీయకుండా నిలబడ్డాడు.

అక్క గంప వైపు చూసింది. తర్వాత పెట్టెలో కూనల వైపు చూసింది. "గీటికి ఆకలైతుంటది" అని మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకుంది.

ఆ సాయంత్రం లైన్లన్నిటి మీదా అక్క ఒకటే ప్రశ్న అడిగింది. తల్లి లేని కూనల్ని ఎట్లా బతికించాలి? అందరూ చెప్పారు. కరీంనగర్ ఆయన అందరికంటే ఓపికగా చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు అక్కా. ఆవుపాలల్ల జరన్ని నీళ్లు కలిపి, దూది ముంచి నోట్లె పెట్టుండ్రి. చప్పరిస్తయి. మా ఇంట్ల గట్లనే సాదినం."

వెచ్చగా ఉంచమని, పెట్టె పైన బల్బు వేలాడదీయమని ఆదిలాబాద్ ఆపరేటరు చెప్పాడు. ఒకేసారి ఎక్కువ పట్టొద్దు, కొంచెం కొంచెం మాటిమాటికీ పట్టమని నిర్మల్ ఆమె. అన్నీ చేశాం. ఆవుపాలు ఇచ్చోడలో నేనుండే ఇంటి పక్కనే దొరికేవి. లైన్‌మన్ బల్బు కట్టాడు. పగలు అక్కా నేనూ, రాత్రి అక్క ఒక్కతే పాలు పట్టేవాళ్లం. కూనలు దూదిని ఎంత గట్టిగా పట్టుకునేవంటే, వెనక్కి లాగితే తలలు కూడా వచ్చేవి. పొట్టలు గుండ్రంగా, బిగుతుగా అయ్యాయి. కడుపు నిండుతోందని మురిసిపోయాం. ఆ మాట లైన్లో చెప్తే వాళ్లూ మురిసిపోయారు.

కానీ కూనలు అరుపు ఆపలేదు. పాలు పట్టినా అరిచేవి, పట్టకపోయినా అరిచేవి. ఆకలి తీరలేదేమోనని ఇంకాస్త పట్టాం. చలేమోనని బల్బు కిందికి దించాం. అక్క మళ్లీ అడిగింది. పాలు చాలకేమో అన్నారొకరు. ఆవుపాలు పడలేదేమో, మేకపాలు చూడమన్నారొకరు. మేకపాలు తెచ్చాం. అవీ తాగాయి. నల్లకూనల్లో ఒకటి మరునాటి పొద్దుటికి కదలకుండా పడి ఉంది. రెండోది ఆ మధ్యాహ్నమే పోయింది. రెండూ పొట్టలు బిగుసుకుపోయి, డప్పుల్లా ఉన్నాయి. తాగి తాగి ఇట్లా ఎందుకు పోయాయో మాకు అంతు చిక్కలేదు.

మా డాక్టరు క్యాంపు నుంచి తిరిగొచ్చాడని తెలిసి నేను పిలుచుకొచ్చాను. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. బూడిదరంగు కూనను అరచేతిలోకి తీసుకుని పొట్ట తడిమాడు. అక్క మేం చేసిందంతా వరసగా చెప్పింది. పాలు, నీళ్లు, బల్బు, మేకపాలు. ఆయన అంతా విని ఒకటే అడిగాడు.

"పాలు పట్టాక కింద తడిగుడ్డతో తుడిచారా అమ్మా?"

మాకు అర్థం కాలేదు. ఆయన దూది వెచ్చని నీళ్లలో ముంచి, కూనను వెల్లకిలా పట్టుకుని, తోక కింద మెల్లగా రుద్దాడు. కాసేపటికి అది పోసింది. ఆ చిన్న ప్రాణంలోంచి అంత వస్తుందని ఎవరూ అనుకోరు. తల్లి అక్కడ నాకితేనే ఉచ్చ అయినా, దొడ్డికైనా వస్తుందట. కళ్లు తెరిచి కాస్త ఎదిగేదాకా వాటంతట వాటికి రాదట. లోపలే ఆగి చచ్చిపోతాయట. ఇది ఎవరూ చెప్పలేదా అని ఆయన మామూలుగానే అడిగాడు. తప్పు పట్టడానికి కాదు.

ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. మేం అడిగిందంతా లోపలికి పోయేదాని గురించే. చెప్పినవాళ్లు చెప్పిందీ అదే, అందులో ఒక్క ముక్కా తప్పు కాదు. తర్వాత కరీంనగర్ ఆయన ఇంటి పిల్లుల గురించి ఆలోచిస్తే నాకు తట్టింది. ఆయన సాదినవి కాస్త ఎదిగిన కూనలై ఉంటాయి. నేనైతే ఆవులున్న ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ని. ఈనిన ఆవు దూడను తోక కింద నాకడం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ముద్దు అనుకున్నాను.

డాక్టరు వెళ్లాక అక్క ఆ దూదిని చేతిలోంచి వదల్లేదు.

"అవ్వకు రోజు జేసిన పనే తమ్మీ" అంది. "గన్నేండ్లు జేసిన. గీటికి గూడ జెయ్యాల్నని తోచలే."

నేను బోర్డు వైపు తిరిగాను.

మిగిలిన ఆ ఒక్కదానికి అక్క అన్నీ చేసింది. పాలు పట్టడం, తుడవడం, ఒళ్లో పెట్టుకుని వెచ్చబరచడం. ఒకరోజు అది అరవలేదు. నిద్రపోయింది. ఇక గట్టెక్కిందనుకున్నాం. కానీ లోపల ఏం చెడిందో, మర్నాడు పాలు తాగలేదు. దూది పెదవులకు ఆనిస్తే పక్కకు తిరిగింది. అక్క దాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని డ్యూటీ చేసింది. మధ్యాహ్నం పత్తి బేరగాళ్ల కాల్సు ఎక్కువగా ఉండే వేళ. రేకులు వరసగా పడుతున్నాయి. అక్క ఒక చేత్తో ప్లగ్గులు గుచ్చుతూ, రెండో చేత్తో ఒళ్లోని కూనను నిమురుతోంది. ఒకసారి ఆ చెయ్యి కదలడం ఆగింది. అక్క కిందికి చూసింది. మళ్లీ రేకు పడింది. నంబరు అడిగింది. గొంతులో ఏ తేడా లేదు.

లైన్‌మన్ ఎక్స్ఛేంజీ వెనక తల్లిని పెట్టిన చోటే కొంచెం మట్టి తీశాడు. ముందు పోయిన రెండూ అక్కడే ఉన్నాయి. అక్క కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. మేం పక్కన నిలబడ్డాం.

అసలు కష్టం తర్వాత మొదలైంది. మర్నాడు పొద్దున లైన్లు తెరవగానే నిర్మల్ ఆమె కూనల్ని అడిగింది. నేను చెప్పబోయేలోపల అక్క అందుకుని, బాగున్నాయని చెప్పింది. ఆదిలాబాద్ అడిగితే అదే మాట. కరీంనగర్ ఆయన అడిగితే, అరుపులు తగ్గాయా అని కూడా అడిగితే, తగ్గాయంది. అది మాత్రం నిజమే. నేను ఆమె వైపు చూస్తుంటే హెడ్‌సెట్ తీసి చెప్పింది.

"ఒక్కొక్కలకు చెప్పుకుంట పోతె, ఒక్కొక్కసారి సచ్చినట్టే గాదా తమ్మీ. పాపం, వాళ్లు గూడ ఏం జేసిన్రు."

చెప్పిన సలహాకు ఫలం అడగడం మనుషుల గుణం. వాళ్లు అడగడం మానలేదు, అక్క చెప్పడం మానలేదు. కూనలు కళ్లు తెరిచాయంది. నడుస్తున్నాయంది. బూడిదరంగుది బల్లిని పట్టిందంది. తనకు లేని పిల్లల్ని గొంతుతో పెంచింది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు నన్నడిగితే నేనూ పెంచాను. లైను పెట్టేశాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. లైన్‌మన్ ఆ మాటలు వినపడితే బయటికి వెళ్లి బీడీ ముట్టించేవాడు. ఎలుకలు మళ్లీ వచ్చాయి. ఇంకో పిల్లిని తెద్దామని నేనన్నాను. అక్క వద్దంది.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, సంచీ భుజాన వేసుకున్న బక్కపలచని మనిషి ఎక్స్ఛేంజీ గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. ఆ లావుపాటి గొంతు వినగానే నేను లేచి నిలబడ్డాను. కరీంనగర్ ఆపరేటరు. ఆదిలాబాద్‌లో చెల్లెలి ఇంటికి పోతూ, మా కోసం ఇచ్చోడలో దిగాడు. ఇంకో బస్సుకు పోతానన్నాడు. అక్కను చూసి ఇంత చిన్న మనిషివా అని నవ్వాడు. నువ్వూ అంతేగా అని అక్క కూడా నవ్వింది. మంచినీళ్లు ఇచ్చి, బల్ల చూపింది.

ఆయన కూర్చోకుండా సంచీలోంచి చిన్న పొట్లం తీశాడు. కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించిన ఎర్రదారాలు. పిల్లికూనల మెడలకు సరిపోయేటట్టు పొట్టిగా ముడివేసి తెచ్చాడు. మూడు.

"ఏవి అక్కా, పిల్లలు?"

అక్క ఆ దారాలను రెండు చేతులా అందుకుంది. ఇళ్లకు ఇచ్చేశామని చెప్పింది. కనీసం ఒక్కదాన్నయినా చూపించు, బస్సుకింకా టైముంది అని ఆయన అడిగాడు. దూరం పల్లెలకు ఇచ్చామంది. గుమ్మం దగ్గరున్న లైన్‌మన్ నేల చూపులు చూస్తున్నాడు. ఆయన మా ముగ్గురినీ ఒకసారి చూశాడు. అప్పటికీ ఏమీ అనుకోలేదు. మంచి ఇళ్లేనా అని మాత్రం అడిగాడు.

అక్క దారాలను ఎడమచేతి పిడికిట్లోకి తీసుకుంది. ఇక్కడితో ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు.

"ఒక్కటి చెప్త, యాదికి పెట్టుకో" అంది. "రేపు ఎవలన్న నిన్ను అడుగుతరు. తల్లి లేని పిల్లలకు పాలు పట్టినంక, తడిబట్టతోని కింద తుడువాలె. గట్ల తుడిస్తెనే ఉచ్చ, దొడ్డికి వస్తది. లేకుంటె లోపల్నే ఆగి సస్తయి."

ఆయన శ్రద్ధగా విన్నాడు. తనకిది తెలియదే అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాడు. డాక్టరు అంది అక్క.

"ఎప్పుడు చెప్పిండు?"

బోర్డు మీద రేకు పడింది. అక్క తిరిగి ప్లగ్గు అందుకుని కాల్ కలిపింది. కలపడం అయిపోయాక కూడా ఇటు తిరగలేదు. ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో సంగతి మెల్లగా తెలియడం నేను చూశాను. అలాంటిది ఇంకోసారి చూడకూడదనుకున్నాను. ఇన్నాళ్లూ లైన్లో విన్న బల్లి, నడక, కళ్లు తెరవడం, అన్నీ ఒక్కొక్కటిగా ఆయన దగ్గరనుంచి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"నేను పాలొక్కటే చెప్పిన అక్కా" అన్నాడు.

"పాలు మంచిగనే తాగినయి తమ్మీ" అంది అక్క, బోర్డు వైపే చూస్తూ. "నువ్వు చెప్పినట్టే పట్టినం. మంచిగ తాగినయి."

రోడ్డు మీద ఆదిలాబాద్ బస్సు హారను వినపడింది. నేను బస్సొచ్చిందని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ కదల్లేదు. బస్సు ఆగింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. ఆయన బల్ల మీద కూర్చుని, సంచీ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అక్క ఎర్రదారాలు ఎడమచేతి పిడికిట్లో పట్టుకుని, కుడిచేత్తో కాల్సు కలుపుతూ ఉంది.